బల్ల మీది ఫోను 9.8 ఎందుకు చూపిస్తుంది? ఫైఫాక్స్ యాప్ గురించి ఒక సైన్సు టీచరు సమీక్ష

బల్ల మీద కదలకుండా పెట్టిన ఫోను త్వరణం 9.8 మీ/సె² (సెకను వర్గానికి ఇన్ని మీటర్లు) అని చూపిస్తుంది. అదే ఫోను చేతిలోంచి జారి పడుతున్నంతసేపూ సున్నా చూపిస్తుంది. కదలని వస్తువుకి త్వరణం ఎక్కణ్ణించి వచ్చింది? పడిపోతున్నదానికి సున్నా ఎలా అయింది? మా తొమ్మిదో తరగతి పిల్లలు ఈ రెండు అంకెల మీద ఒక పీరియడ్ అంతా వాదించుకున్నారు. గంట కొట్టినా ఎవరూ లేవలేదు. బలం, చలనం పాఠాల్లో నేను చూడాలని ఆశపడేది ఇదే. ఆ వాదన పుట్టించిన యాప్ పేరు ఫైఫాక్స్. నేను పశ్చిమ గోదావరిలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. తోటి టీచర్ల కోసం, ఇంట్లో పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చదివించే అమ్మానాన్నల కోసం ఇది రాస్తున్నాను.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. చలనం, బలం, గురుత్వాకర్షణ పాఠాలకి నేను వాడిన సామాన్లన్నిటిలో ఇంతగా పనికొచ్చింది ఇంకోటి లేదు. జర్మనీలోని ఆఖెన్ నగరంలో ఉన్న ఆర్‌డబ్ల్యూటీహెచ్ విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విభాగం వాళ్ళు దీన్ని తయారుచేసి 2016లో బయటికి వదిలారు. ఆండ్రాయిడ్ ఫోన్లోనూ, ఐఫోన్లోనూ పనిచేస్తుంది. పైసా కట్టక్కర్లేదు, ప్రకటనలు రావు, ఒకసారి దించుకున్నాక నెట్ లేకపోయినా నడుస్తుంది. మా ఊళ్ళో వాన పడితే నెట్ ఉండదు కాబట్టి ఆ చివరి మాట నాకు ముఖ్యం.

ఇది చేసే పని ఒక్కటే. ఫోన్లో ఇప్పటికే ఉన్న సెన్సార్లు ఏం కొలుస్తున్నాయో మన కళ్ళముందు గ్రాఫుగా గీస్తుంది. ఫోను అడ్డం తిప్పితే తెర తిరగడానికీ, నడిచిన అడుగులు లెక్కపెట్టడానికీ ఏ చిప్ పనిచేస్తుందో, ఆ చిప్‌నే ప్రయోగశాల పరికరంగా మారుస్తుంది. తెరిస్తే ప్రయోగాల జాబితా వస్తుంది. మన ఫోన్లో లేని సెన్సార్ అవసరమైన ప్రయోగాలు మసకబారి కనిపిస్తాయి. కావలసినది తెరిచి, పైన త్రికోణం గుర్తు నొక్కితే గీత మొదలవుతుంది. చెత్తబుట్ట గుర్తు నొక్కితే పాతది చెరిగిపోతుంది. మా బడిలో ఇంగ్లీషు మెనూతోనే వాడతాం. వాటి పక్కన తెలుగు మాటలు నేను బోర్డు మీద రాసి పెడతాను.

మొదట తెరవాల్సింది "యాక్సిలరేషన్ విత్ జీ". జాబితాలో "వితౌట్ జీ" అని ఇంకోటి కూడా ఉంటుంది, పిల్లల చెయ్యి అటే పోతుంది. అది తర్వాత. అందులో ఫోను గురుత్వాన్ని తనే అంచనా వేసి తీసేస్తుంది. మనం తేల్చుకోవాల్సిన చిక్కుముడిని ఫోనే విప్పేస్తే ఇక పాఠం ఏముంటుంది?

ఆ చిప్ లోపల కంటికి ఆననంత చిన్న సిలికాన్ దిమ్మ ఉంటుంది. అంతే సన్నటి సిలికాన్ స్ప్రింగులు దాన్ని పట్టుకుని ఉంటాయి. దిమ్మ ఒక పక్కకి జరిగితే పక్కనున్న పలకలకీ దానికీ మధ్య దూరం మారుతుంది, దాంతో కెపాసిటెన్స్ (వాటి మధ్య విద్యుదావేశం నిలవుండే సామర్థ్యం) మారుతుంది, ఆ మార్పునే చిప్ అంకెగా చెబుతుంది. ఇప్పుడు ఫోను బల్ల మీద ఉందనుకోండి. భూమి ఫోన్నీ లాగుతుంది, దిమ్మనీ లాగుతుంది. ఫోను కిందికి పోకుండా బల్ల పైకి నెడుతుంది. దిమ్మ కిందికి పోకుండా స్ప్రింగులు పైకి నెట్టాలి, నెట్టాలంటే అవి కాస్త వంగాలి. ఆ వంపు కొలతే 9.8. ఫోన్ని వదిలేశామనుకోండి, ఫోనూ దిమ్మా రెండూ ఒకే త్వరణంతో పడతాయి. ఒకటి ఇంకోదాన్ని ఆపాల్సిన పని ఉండదు. స్ప్రింగు వంగదు, అంకె సున్నా.

కాబట్టి ఈ చిప్ భూమి లాగే లాగుడుని కొలవడం లేదు. ఆ లాగుడు మినహా మిగతావన్నీ, అంటే బల్ల, చెయ్యి, తాడు, సీటు ఎంత నెడుతున్నాయో లేదా లాగుతున్నాయో అది కొలుస్తోంది. మన ఒంటికి తెలిసేదీ అంతే. కుర్చీలో కూర్చున్నప్పుడు "నా బరువు" అని మనకి తెలిసేది కుర్చీ మనల్ని పైకి నెట్టే నెట్టుడు. పుస్తకంలో దానికి అభిలంబ బలం అని పేరు. పరీక్షలో ఆ పేరు తప్పులేకుండా రాసే పిల్లలు కూడా అది తమ కింద ఉన్న బెంచీ చేస్తున్న పని అని నమ్మరు. ఫోను తెర మీద ఆ గీత చూశాక నమ్ముతారు. ఈ యాప్‌ని నేను నెత్తిన పెట్టుకోవడానికి అసలు కారణం ఇది. మిగతా ప్రయోగాలన్నీ ఈ ఒక్క మాటకి కొమ్మలు.

పడేసే ప్రయోగం ఎలా చేయాలో వివరంగా చెబుతాను, ఎందుకంటే ఫోను పగిలితే ఇంట్లో గొడవ. నలుగురు పిల్లలు ఒక దుప్పటి నాలుగు కొసలు గట్టిగా పట్టుకోవాలి, దాని కింద నేల మీద బొంతలు మడతపెట్టి పరవాలి. ఫోన్ని తెర పైకి ఉండేట్టు రెండు చేతుల వేళ్ళ మీద ఆనించి, ఒక్కసారిగా రెండు చేతులూ పక్కకి తీసేయాలి. పల్టీ కొట్టకుండా పడాలి. తిరుగుతూ పడితే చిప్ ఫోను మధ్యలో ఉండదు కాబట్టి గీత సున్నా దగ్గర నిలవదు. మెనూలో "టైమ్డ్ రన్" అని ఉంటుంది, దాంట్లో మూడు సెకన్ల తర్వాత మొదలై ఐదు సెకన్లు నడిచేలా పెట్టుకుంటే పడేసేటప్పుడు బటన్ నొక్కే కంగారు ఉండదు. 1.25 మీటర్ల ఎత్తు నుంచి వదిలితే సుమారు అర సెకను పాటు గీత సున్నాకి అంటుకుని ఉంటుంది, తర్వాత దుప్పటి తగిలినప్పుడు ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఆ అర సెకను వెడల్పుని గ్రాఫు మీద కొలిచి, ఎత్తుని రెట్టింపు చేసి, కాలం వర్గంతో భాగిస్తే గురుత్వ త్వరణం వచ్చేస్తుంది. ఎత్తు టేపుతో కొలిచింది, కాలం గీత మీద చదివింది. పుస్తకంలో అంకె ఎక్కడా వాడకుండా 9.8 దగ్గరికి చేరడం పిల్లలకి పండగలా ఉంటుంది.

ఆ సున్నా చూసినప్పుడే మొదటి బెంచీ అమ్మాయి అడిగింది: "మరి అంతరిక్షంలో గురుత్వాకర్షణ ఉండదు కాబట్టే శుభాంశు శుక్లా గారు తేలారు కదండీ?" 2025 జూన్‌లో ఆయన అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్ళి, జులైలో తిరిగి వచ్చేదాకా మా పిల్లలు ఆ వీడియోలు మళ్ళీ మళ్ళీ చూశారు. ఆ కేంద్రం మనకి సుమారు 400 కిలోమీటర్ల పైన తిరుగుతోంది. భూమి వ్యాసార్థమే 6,371 కిలోమీటర్లు. దానికి ఇంకో 400 కలిపితే దూరం పెద్దగా పెరిగినట్టు కాదు. వర్గంతో భాగించి చూస్తే అక్కడ గురుత్వ త్వరణం 8.7 దాకా ఉంటుంది, అంటే ఇక్కడ ఉన్నదాంట్లో దాదాపు 89 శాతం. లేనిదల్లా కింద నుంచి నెట్టే నేల. కేంద్రమూ, అందులో మనుషులూ, వాళ్ళ నీళ్ళ చుక్కలూ అన్నీ కలిసి ఒకే త్వరణంతో భూమి వైపు పడుతూనే ఉన్నాయి. గంటకి దాదాపు 28,000 కిలోమీటర్ల వేగంతో పక్కకి పోతూ పడుతున్నందువల్ల నేల ఎప్పుడూ తగలదు. దుప్పట్లో పడిన మన ఫోను అర సెకను ఉన్న స్థితిలో ఆయన ఆ కొన్ని వారాలూ ఉన్నారు. ఇది బోర్డు మీద బొమ్మ గీసి ఏళ్ళ తరబడి చెప్పాను. సున్నా గీత పక్కన పెట్టుకుని చెప్పినప్పుడు వాళ్ళ మొహాల్లో కనిపించింది వేరు.

1907లో ఐన్‌స్టీన్‌కి తట్టిన ఆలోచన కూడా ఇక్కడిదే. ఇంటి కప్పు మీద నుంచి పడుతున్న మనిషికి తన బరువు తనకి తెలియదన్నదే ఆయన గురుత్వ సిద్ధాంతానికి మొదటి మెట్టు అయింది. తొమ్మిదో తరగతిలో అంత దూరం వెళ్ళక్కర్లేదు గానీ, అడిగే పిల్లలుంటే దాచొద్దు.

ఇక ఉయ్యాల. నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రయోగం ఇదే కాబట్టి కాస్త ఆగుతాను.

మా వైపు ఆశ్వయుజ బహుళ తదియ నాడు, అట్లతద్దికి, ఊరి చివర పెద్ద చెట్లకి మోకులు కట్టి ఉయ్యాలలు వేస్తారు. తెల్లారకముందే ఆడపిల్లలంతా అక్కడే ఉంటారు. పండగ అయిన మర్నాడు, ఉయ్యాల ఇంకా విప్పకముందు, పెద్దవాళ్ళని అడిగి మా తరగతిని అక్కడికి తీసుకెళ్ళాను. ఫోన్ని పల్లక (ఉయ్యాల మీద కూర్చునే చెక్క) మీద ఒక చివర, తెర పైకి ఉండేట్టు, దాని పొడుగు ఊగే దిశలో ఉండేట్టు వెడల్పాటి టేపుతో అతికించి, పైన గుడ్డతో కట్టాం. అప్పుడు జెడ్ అక్షం (ఫోను తెరకి లంబంగా ఉండే దిశ) మోకు వెంబడి, వై అక్షం (ఫోను పొడుగు దిశ) ఊగే దిశలో ఉంటాయి.

ఫోన్లోని గ్రాఫుని దూరం నుంచి చూసే వీలు కూడా ఉంది. మెనూలో "అలౌ రిమోట్ యాక్సెస్" పెట్టి, ఫోన్నీ ల్యాప్‌టాప్‌నీ ఒకే హాట్‌స్పాట్‌లో కలిపితే, యాప్ చూపించే చిరునామాని ల్యాప్‌టాప్ బ్రౌజర్లో కొడితే చాలు. నెట్ అక్కర్లేదు. ఉయ్యాల అక్కడ ఊగుతుంటే గీత ఇక్కడ చెట్టు కింద మా ఒళ్ళో గీసుకుంటోంది. బడిలో అయితే ఇదే గీత తరగతి గదిలోని ఐఎఫ్‌పీ (గోడకి బిగించిన పెద్ద టచ్ తెర) మీద అందరికీ కనిపిస్తుంది.

ఉయ్యాల ఎక్కబోయే ముందు ఒక ప్రశ్న వేశాను: ఎక్కడ అంకె ఎక్కువ ఉంటుంది, పైకి వెళ్ళిన కొస దగ్గరా, అడుగునా? సగం మంది పైన అన్నారు, పొట్టలో తిప్పేది అక్కడే కాబట్టి. గీత చూస్తే అడుగున ఎక్కువ, కొసల్లో తక్కువ. నిలువు నుంచి 45 డిగ్రీల దాకా ఊగితే అడుగున సుమారు 15.5, కొసల దగ్గర 7 దగ్గరగా వస్తుంది. అడుగున ఉయ్యాల వేగం అన్నిటికంటే ఎక్కువ, దారి పైకి వంగుతోంది. ఆ వంపు తిరగాలంటే మోకు మన బరువు మోయడంతో పాటు కేంద్రం వైపు అదనంగా లాగాలి. కొస దగ్గర వేగం సున్నా, మోకు బరువులో కొంత భాగాన్నే మోస్తోంది. పొట్టలో తిప్పినట్టు ఉండేది ఆ తక్కువ వల్ల. పిల్లలు సరిగ్గానే గమనించారు, కారణమే తలకిందులుగా అనుకున్నారు.

రెండో ఆశ్చర్యం వై గీత. ఉయ్యాల ముందుకీ వెనక్కీ అంత జోరుగా పోతుంటే, ఆ దిశలోనే గీత సున్నా చుట్టూ చిన్నగా వణుకుతూ కూర్చుంది. యాప్ చెడిపోయిందేమో అన్నాడు ఒకడు. చెడిపోలేదు. ఊగే దిశలో మనల్ని వేగంగా తీసుకెళ్ళేదీ, ఆపేదీ భూమి ఒక్కటే. మోకు ఎప్పుడూ తన వెంబడే లాగుతుంది గానీ పక్కకి నెట్టలేదు. భూమి లాగుడుని ఈ చిప్ చూడలేదని మొదటిరోజే తేలింది కదా. ఆ దిశలో ఫోను నిజంగా పడిపోతోంది. పల్లక మీద నిండు గ్లాసు నీళ్ళు పెట్టి మెల్లిగా ఊపితే ఒలకకపోవడానికి కారణం కూడా ఇదేనని ఒక అమ్మాయి తనంతట తనే చెప్పింది.

ఇందులోంచి ఊరికి పనికొచ్చే లెక్క ఒకటి బయటికొస్తుంది. అడుగున మోకు మీద పడే లాగుడు, ఎంత ఎత్తు నుంచి వస్తున్నామన్నదాన్ని బట్టి పెరుగుతుంది. 45 డిగ్రీలకి బరువుకి ఒకటిన్నర రెట్ల పైన, 60 డిగ్రీలకి సరిగ్గా రెండు రెట్లు, మోకు నేలకి సమాంతరంగా వచ్చేంత ఊగితే మూడు రెట్లు. ఇద్దరు అమ్మాయిలు కలిసి 100 కిలోలున్నారనుకోండి, 60 డిగ్రీలకి ఊగితే కొమ్మ మీదా మోకుల మీదా 200 కిలోల బరువు వేలాడదీసినంత లాగుడు ప్రతి ఊపుకీ పడుతుంది. "నిన్న నలుగురం నిలబడితే ఆగింది" అని మోకు నమ్మేస్తే సరిపోదు. ఎక్కేవాళ్ళ బరువుకి కనీసం మూడు రెట్లు ఆపగలగాలి, అరుగుదలకీ కుదుపుకీ ఇంకా పైన వదిలిపెట్టాలి. ఈ లెక్క మా పిల్లలు ఇంటికెళ్ళి తాతయ్యలకి చెప్పారు.

ఆవర్తన కాలం కూడా అక్కడే చూడొచ్చు. నాలుగు మీటర్ల మోకుకి ఒక పూర్తి ఊపు సుమారు 4 సెకన్లు. సన్నగా ఉన్నవాళ్ళు కూర్చున్నా, లావుగా ఉన్నవాళ్ళు కూర్చున్నా పెద్ద తేడా రాదు. నిలబడి ఊగితే మాత్రం గరిమనాభి పైకి జరిగి లోలకం పొడుగు తగ్గినట్టవుతుంది, ఊపుకి పట్టే కాలం కాస్త తగ్గుతుంది.

తీర్థంలో (జాతరలో) జెయింట్ వీల్ ఎక్కితే ఇదే పాఠం నెమ్మదిగా వస్తుంది. 6 మీటర్ల వ్యాసార్థంతో పది సెకన్లకి ఒక చుట్టు తిరిగే వీల్‌లో పైన 7.4, కింద 12.2. ఫోను మాత్రం జిప్ ఉన్న జేబులో పెట్టుకోండి.

బస్సు సంగతి. మా పిల్లల్లో చాలామంది పల్లెవెలుగు బస్సులో వస్తారు. బ్రేకు వేస్తే "ముందుకి తోసేసింది" అంటారు. ఎవరు తోశారు? ఫోన్ని సీటు మీద పడుకోబెట్టి, జారకుండా బ్యాగుతో ఒత్తిపెట్టి చూస్తే, బ్రేకు వేసినప్పుడు గీత వెనక దిశకే పోతుంది. సీటు ఫోన్ని వెనక్కి లాగి ఆపుతోంది. ముందుకి తోసిన బలం ఏ గీతలోనూ లేదు. మనం ఉన్న వేగంతోనే పోవాలనుకున్నాం, బస్సు ఆగిపోయింది, అంతే. జడత్వం అనే మాటకి నిర్వచనం బట్టీ పట్టించే కంటే ఈ గీత ఒక్కటి మేలు. మామూలుగా స్టాపులో ఆపినప్పుడు 1 నుంచి 2 మీ/సె² వరకు ఉంటుంది, అడ్డంగా గేదె వచ్చినప్పుడు దానికి రెండు మూడింతలు. కాలవ గట్టు మీద మలుపుల్లో గీత మలుపు లోపలి వైపుకి చూపిస్తుంది. 50 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపు 36 కిలోమీటర్ల వేగంతో తిరిగితే 2 మీ/సె². బయటికి విసిరేసినట్టు ఒంటికి అనిపించినా, సీటు మనల్ని లోపలికే నెడుతోంది.

బ్రేకు దగ్గర నేను పాఠం ఆపి ఇంకో మాట చెబుతాను, ఇది నాకు పరీక్షల కంటే ముఖ్యం. పదో తరగతి దాటగానే మా అబ్బాయిలు బండి ఎక్కేస్తున్నారు. అందుకే బడి గ్రౌండ్‌లో సైకిలు హ్యాండిల్‌కి ఫోను కట్టి, నెమ్మదిగా ఒకసారి, జోరుగా ఒకసారి తొక్కించి, సుద్దతో గీసిన చోట బ్రేకు వేయిస్తాను. ఆగే త్వరణం రెండుసార్లూ దాదాపు ఒకటే వస్తుంది, ఎందుకంటే టైరుకీ నేలకీ మధ్య ఘర్షణ మారలేదు. ఆగిన దూరం మాత్రం వేగం రెట్టింపయితే నాలుగింతలు. తర్వాత తరగతిలో బండి లెక్క వేయిస్తాను. 5 మీ/సె² తో ఆగగల బండి 36 కిలోమీటర్ల వేగంలో ఉంటే బ్రేకు పడ్డాక 10 మీటర్లు, 72లో ఉంటే 40 మీటర్లు పోతుంది. బ్రేకు మీద కాలు పడేలోపు ఒక సెకను గడిచిందనుకుంటే మొదటిదానికి ఇంకో 10, రెండోదానికి ఇంకో 20. మొత్తం 20 మీటర్లు, 60 మీటర్లు. ఆ 60 మీటర్లని గ్రౌండ్‌లో అడుగులేసి చూపిస్తాను. రోడ్డు తడిగా ఉంటే ఇంకా పొడుగు. ఈ యాప్ ఇంకే పనికీ రాకపోయినా ఈ ఒక్క పాఠానికే అందరి ఫోన్లలో ఉండాలంటాను.

లిఫ్టు గురించి క్లుప్తంగా. మా ఊళ్ళో లిఫ్టు లేదు, బెజవాడలో మా అక్క వాళ్ళ అపార్ట్‌మెంటులో చూశాను. పైకి బయలుదేరినప్పుడు ఒక చిన్న గుట్ట, మధ్యలో తిన్నగా 9.8, ఆగేటప్పుడు ఒక చిన్న గుంట. మధ్యలో లిఫ్టు కదులుతోందో ఆగి ఉందో ఈ గీత చెప్పలేదు. సమవేగానికి బలం అక్కర్లేదన్న న్యూటన్ మొదటి నియమం అదే. 60 కిలోల మనిషి లిఫ్టులో బరువు తూచే మిషన్ మీద నిలబడితే, 1 మీ/సె² త్వరణంతో పైకి బయలుదేరేటప్పుడు మిషన్ 66 చూపిస్తుంది. జాబితాలో "ఎలివేటర్" అని వేరే ప్రయోగం కూడా ఉంది గానీ దానికి గాలి పీడనం కొలిచే బారోమీటర్ కావాలి, చవక ఫోన్లలో అది చాలావాటికి ఉండదు.

చప్పుడుతో నడిచే స్టాప్‌వాచ్, "అకౌస్టిక్ స్టాప్‌వాచ్", ఏ ఫోన్లోనైనా పనిచేస్తుంది, మైకు ఉంటే చాలు. ఒక చప్పుడుకి మొదలై, ఇంకో చప్పుడుకి ఆగుతుంది. బల్ల అంచున స్కేలు మీద రూపాయి బిళ్ళ పెట్టి, స్కేలుని చెంచాతో టక్కున కొడితే బిళ్ళ కింద ఉన్న స్టీలు కంచంలో టంగుమని పడుతుంది. 80 సెంటీమీటర్ల బల్లకి 0.40 సెకన్లు రావాలి. కనీస వ్యవధి గడిలో 0.1 అని పెట్టండి, లేకపోతే మొదటి చప్పుడు ప్రతిధ్వనికే ఆగిపోతుంది. తరగతిలో అందరూ ఊపిరి బిగబట్టాలి. కాలంలో 0.01 సెకను తేడా వస్తే గురుత్వ త్వరణంలో 5 శాతం తేడా వస్తుంది, కాబట్టి పదిసార్లు చేసి సగటు తీసుకోవాలి. 1638లో అచ్చయిన పుస్తకంలో గెలీలియో, వాలు బల్ల మీద గోళీ దొర్లించి కాలాన్ని కారిన నీళ్ళు తూచి కొలిచానని రాశాడు. ఆ శ్రమ పిల్లలకి చెప్పాక వాళ్ళు ఈ 0.40ని ఎంత గౌరవంగా నోట్సులో రాసుకుంటారో!

ఇప్పుడు జాగ్రత్తలు. ఇవి ఫోను చిప్‌ల సంగతులు, తెలియకపోతే తరగతిలో ఇబ్బంది పడతాం.

ఏ ఫోనూ సరిగ్గా 9.80 చూపించదు. మన అక్షాంశం దగ్గర అసలు విలువ 9.78కి దగ్గర, భూమధ్యరేఖ నుంచి ధ్రువాలకి వెళ్ళేసరికి 9.78 నుంచి 9.83 దాకా మారుతుంది. ఆ చిన్న తేడాని ఫోనుతో పట్టాలని చూడొద్దు, చిప్ సొంత తేడా అంతకంటే ఎక్కువ. దాన్ని కనుక్కోవడం తేలిక. తెర పైకి పెట్టి ఒకసారి, తెర కిందికి పెట్టి ఒకసారి జెడ్ అంకె రాసుకోండి. నా ఫోన్లో 9.91, మైనస్ 9.69 వచ్చాయి. గుర్తు వదిలేసి సగటు తీస్తే 9.80, చిప్ తేడా 0.11. ఆ 0.11 ని ప్రతి జెడ్ కొలత నుంచీ తీసేస్తే సరి. కొలత అంటే ఏమిటో, దోషం అంటే ఏమిటో నేర్పడానికి ఇంతకంటే మంచి పది నిమిషాలు నాకు తెలియవు.

త్వరణం నుంచి వేగం, వేగం నుంచి దూరం కట్టుకుంటూ పోవాలని పెద్ద తరగతి పిల్లలకి సరదా. ఒకటి రెండు సెకన్లకి పర్వాలేదు. 0.05 మీ/సె² చిన్న తేడా ఒక నిమిషం పాటు కూడుకుంటే వేగంలో 3 మీ/సె, దూరంలో 90 మీటర్ల తప్పు వస్తుంది. బల్ల మీద కదలని ఫోను 90 మీటర్లు ప్రయాణం చేసిందని లెక్క తేలుతుంది. దూరాలకి టేపు వాడండి, లేకపోతే జీపీఎస్ ప్రయోగం తెరవండి.

ఫోను కొనేటప్పుడు గైరోస్కోప్ (ఫోను ఎంత వేగంగా తిరుగుతోందో కొలిచే సెన్సార్) ఉందో లేదో చూడండి. లేకపోతే లోలకం, దొర్లుడు ప్రయోగాలు మసకగానే ఉండిపోతాయి. త్వరణం, చప్పుడు ప్రయోగాలకి అదేమీ అక్కర్లేదు. అంకెలన్నీ ఎక్సెల్ ఫైలుగా బయటికి పంపుకోవచ్చు, పెద్ద పిల్లలచేత గ్రాఫు కాగితం మీద చేత్తో గీయించడానికి నేను అదే వాడతాను.

బడికి ప్రత్యేకంగా కొత్త ఫోను కొనక్కర్లేదు. తెర మూల పగిలి, ఇంట్లో డబ్బాలో పడి ఉన్న పాత ఫోను ఒకటి అడిగి తెచ్చుకోండి. సిమ్ తీసేసి, తల్లిదండ్రుల ఫోటోలూ మెసేజీలూ తుడిచేయమని చెప్పి తీసుకోండి. బడికి సొంతంగా ఒక ఫోను ఉంటే పిల్లల చేతికి ధైర్యంగా ఇవ్వొచ్చు. బండి నడుపుతూ, రోడ్డు మీద సైకిలు తొక్కుతూ చూడకూడదన్న నియమం మొదటిరోజే పెట్టండి.

ఐదుకి ఐదు ఇస్తున్నాను. ఇవాళే మొదలుపెట్టాలనుకుంటే, దించుకుని "యాక్సిలరేషన్ విత్ జీ" తెరవండి, బల్ల మీద పెట్టండి, "సింపుల్" అనే ట్యాబ్‌లో అంకె చూడండి. తర్వాత "అబ్సల్యూట్" ట్యాబ్‌కి వెళ్ళి, టైమ్డ్ రన్ పెట్టి, దుప్పట్లో వదలండి. ఈ రెండూ అయ్యేదాకా వేరే ప్రయోగం తెరవొద్దు. ఎందుకు 9.8, ఎందుకు సున్నా అని పిల్లలు వాదించుకుంటుంటే జవాబు వెంటనే చెప్పేయకండి, మర్నాటి దాకా ఆగండి.